పిట్ట బాకీ, మన బాకీ

ఇచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వకుండా తినేవాడు దొంగేనని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు తేల్చి చెప్పాడు. కళ్యాణదుర్గం పక్క మా పల్లెలో ఆ శ్లోకం చదువుతున్నప్పుడు శెనక్కాయ రైతు ఒకాయన అడిగాడు: "అట్లయితే ఆ తేనెపిట్ట కూడా దొంగేనా సార్?"

బడి ఆవరణలో టెకోమా చెట్టు మీదే ఉందది. మగపిట్ట. ఎండ తగిలితే నీలం, ఊదా. పక్కకు తిరిగితే ఒట్టి నలుపు. పొడవాటి పసుపు పువ్వు నోట్లో ముక్కు పెట్టనే లేదు. తొడిమె దగ్గర సన్నగా పొడిచి తేనె పీల్చేసింది. పుప్పొడి అంటలేదు, పువ్వుకు ఏ మేలూ జరగలేదు. గీత లెక్కన దొంగతనమే. అదే పిట్ట, గట్టుమీది వేపకు పట్టిన బదనిక పూల దగ్గర ముక్కు లోపలికి దూర్చి, తలకంటిన పుప్పొడిని మరో బదనికకు మోస్తుంది. అక్కడ బాకీ తీర్చేస్తుంది. ఆ బదనికేమో వేపచెట్టు నీళ్లు పీల్చి బతికేది! ఎవరు ఎవరికి బాకీయో విడదీయడం నా తరం కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. పిట్ట తాగింది ఈ పూట ఊరిన తేనె. రేపు చెట్టు కొత్త పూలు పూస్తుంది, మళ్లీ తేనె ఊరుతుంది. దాని దొంగతనం చెట్టు వేరును తాకదు. మన సంగతి అట్లా కాదు. ఇక్కడ వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ కురిస్తే. అందులో నేలలోకి ఇంకేది కొంతే. మనమేమో వెయ్యి అడుగుల దాకా బోర్లు దించి, ఏ కాలం నాడో ఇంకిన నీళ్లు తోడుతున్నాం.

అదే అధ్యాయంలో అన్నానికి మూలం వాన, వానకు మూలం యజ్ఞం అని ఉంది. హోమం చేయిస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తీసుకున్నచోటికి తిరిగి చేర్చడమే ఆ యజ్ఞమని నా నమ్మకం. విజయనగర కాలంలో పండమేరు వాగుకు కట్ట వేసి అనంతపురం చెరువు కట్టించినవాళ్లు చేసిందీ అదే.

ఆ రైతుకు చెప్పిందే మీకూ చెప్తున్నా. పిట్టను వదిలేయండి. బోరున్న ప్రతి చేనులో వానలకు ముందే ఒక ఇంకుడు గుంత తవ్వండి. ఊరి చెరువుకు నీళ్లొచ్చే వంకలో పూడిక తీయండి.