గుజ్జు అరిగిపోయింది

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న కేసు అచ్చయింది. 29 ఏళ్ళ భవన నిర్మాణ కార్మికుడు పైనుంచి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటులో దిగిపోయింది. మేకు కాస్త కదిలినా భరించలేకపోతున్నాడు. ఫెంటనిల్, మిడజొలమ్ ఇచ్చి, మేకు లాగి, బూటు విప్పి చూశారు. అది వేళ్ళ సందులోంచి పోయింది. పాదానికి గీత కూడా పడలేదు.

ఈ కథ చెప్పేవాళ్ళు చివర్లో నవ్వుతారు. "చూశావా, అంతా మనసులోనే ఉంది!" నాకు మాత్రం నవ్వు రాదు. అతను నటించలేదు కదా. నొప్పి వచ్చింది, మందిచ్చారు. బూటు విప్పాక కూడా ఆ మందు తప్పని ఎవరనగలరు? దెబ్బ లేదని తేలింది గానీ, నొప్పి లేదని తేలలేదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లోనే దాన్ని ఇంద్రియానుభవమూ ఉద్వేగానుభవమూ కలిసిన సంగతిగా నిర్వచించింది. 2020లో ఆ నిర్వచనాన్ని సవరిస్తూ, నాకు నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా రాసుకుంది.

మేకు కేసు వచ్చిన ఏడాదే మైకేల్ సల్లివన్, అతని సహచరులు ఒక కొలబద్ద తయారుచేశారు. 13 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 52. అదేపనిగా నొప్పినే తలుచుకోవడం, దాన్ని భూతద్దంలో చూడడం, ఇక నా చేతిలో ఏమీ లేదనుకోవడం... ఈ మూడూ కలిపి 'కెటాస్ట్రొఫైజింగ్'. గోరంతని కొండంత చెయ్యడం అని మనవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నదే. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళు అదే చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టినా ఎక్కువ నొప్పి చెబుతారు. మోకాలి ఆపరేషన్ తర్వాత వాళ్ళకి నొప్పి మిగిలిపోయే అవకాశమూ ఎక్కువే.

సరే, భయం నొప్పిని పెంచుతుంది. పెరిగిన ఆ నొప్పికి బాధ్యత ఎవరిది?

ఇక్కడ చాలామంది బుద్ధుడి రెండు బాణాల ఉపమానం ఎత్తుకుంటారు. మొదటి బాణం తప్పదు, రెండోది మనకి మనమే గుచ్చుకునేది అంటారు. సంయుత్త నికాయంలోని ఆ సుత్తం చదివితే చిన్న తేడా కనిపిస్తుంది. మనిషిని ఒక బాణంతో కొట్టి, వెంటనే ఇంకోదానితో కొట్టినట్టు అనే ఉంటుంది అక్కడ. కొట్టేది వేరేవాళ్ళు. ఉపమానాన్ని మరీ లాగుతున్నానేమో, కానీ ఆ వేరేవాళ్ళెవరో చూడాలనిపిస్తుంది.

మన క్లినిక్కుల్లో రోజూ వినే మాట తీసుకోండి: "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందమ్మా." ఎంత పక్కాగా కుదిరిందో చూడండి. చెప్పు అరిగినట్టు, సబ్బు అరిగినట్టు. అరిగింది తిరిగి రాదు, వాడేకొద్దీ ఇంకా అరుగుతుంది. ఆ మాట విన్న 55 ఏళ్ళ ఆవిడ నడక మానేస్తుంది. తొడ కండరాలు నీరసిస్తాయి, మోకాలికి ఆసరా తగ్గుతుంది, నొప్పి పెరుగుతుంది. అదిగో, అరిగిపోతోంది అన్నది నిజమైంది! ఇదే మోకాలికి వైద్యశాస్త్రం ముందుగా చెప్పేది వ్యాయామం. ఆవిడ గోరంతని కొండంత చేసిందా, కొండనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారా?

నడుంనొప్పికి ఎమ్మారై తీయించుకున్న 30 ఏళ్ళ వాళ్ళదీ ఇదే కథ. రిపోర్టులో 'డిస్క్ డీజెనరేషన్' అని ఉంటుంది. రాత్రంతా గూగుల్. పొద్దున వంగి లేసు కట్టుకోవాలంటే భయం. నడుంనొప్పే లేని 3,000 మందికి పైగా స్కాన్‌లని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది: 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతానికి, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతానికి ఆ డీజెనరేషన్ ఉంది. నెరిసిన జుట్టు లాంటిదన్నమాట. ఆ ఒక్క వాక్యం రిపోర్టు కింద రాస్తే ఏం పోతుంది?

ఇక నెలసరి నొప్పి అంటే "అందరికీ వచ్చేదేగా" అనిపించుకునే అమ్మాయిల సంగతి. వాళ్ళలో కొందరికి ఎండోమెట్రియోసిస్ అని పేరు తేలడానికే ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఎవరూ నమ్మకపోతే, ఇది ఎప్పటికీ తగ్గదేమో అనుకోవడం అతి ఆలోచన ఎలా అవుతుంది? అది అనుభవం నేర్పిన లెక్క. ఆ కొలబద్ద మీద ఆడవాళ్ళకి సగటున ఎక్కువ మార్కులు వస్తాయంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అలాగని భయం సంగతి ఎత్తకుండా ఊరుకోవడమూ దయ కాదు. భయాన్ని తగ్గించే చికిత్సలున్నాయి, కొంతమేర పనిచేస్తాయి కూడా. నమ్మకం ముందు రావాలి, సలహా తర్వాత. వరస మారితే అదే సలహా తిట్టులా తగులుతుంది. ఆ పదమే అవమానంగా ఉంది, మార్చండి అని రోగులూ, కొందరు పరిశోధకులూ అడుగుతున్నది ఇందుకే.

సల్లివనే ఇంకో మాట కూడా అన్నాడు. నొప్పిని పెద్దది చేసి చూపించడం కొంతవరకు పక్కవాళ్ళని పిలవడం అని. తెలుగువాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాలికి రాయి తగిలితే మన నోటి నుంచి వచ్చేది నొప్పి వర్ణన కాదు, సంబోధన. "అమ్మా!" అంటాం. ఎవరూ పలక్కపోతే ఇంకాస్త గట్టిగా అంటాం.