బిడ్డను ఎవరు పట్టుకోవాలి?

మా రెండోవాడికి అప్పుడు ఏడాదిన్నర. మూడు రోజులుగా జ్వరం, ఆ రాత్రి నుంచి డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. తెల్లవారకముందే శ్రీకాకుళంలో బయలుదేరాం. శ్రీకాకుళమంటే ఉత్తరాన ఉన్న జిల్లా కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న మన శ్రీకాకుళం. పట్నంలో డాక్టరుగారు చూసి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకురండి అన్నారు. ఆ పట్నం పేరూ, ఆ ఆసుపత్రి పేరూ ఇక్కడ అనవసరం. ఇది జరిగి 20 ఏళ్ళు దాటింది.

మా ఆవిడ అప్పటికి నాలుగో నెల గర్భిణి. ఎక్స్‌రే గదివద్ద ఉన్న కుర్రవాడు ఆమెను చూడగానే, "మీరు ఇక్కడ ఉండకూడదమ్మా, దూరంగా వెళ్ళండి" అన్నాడు. మంచి పని చేశాడు. నావైపు తిరిగి, "మీరూ బయట ఉండండి మాస్టారూ, ఆయమ్మ పట్టుకుంటుంది" అన్నాడు. ఆయమ్మ తుడుస్తున్న నేల వదిలి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వయసు 50 పైన ఉంటుంది. ఏడుస్తున్న పిల్లవాడిని నా భుజం మీదనుంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూశారు. రెండు నిమిషాల్లో బిడ్డను తెచ్చి నా చేతికిచ్చింది. నేను పది రూపాయలు ఇచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని, బల్లమీద కూర్చున్న ఇంకో తల్లిని చూసి, "మీ పాపేనా అమ్మా?" అంటూ ఆ బిడ్డకు చేతులు చాచింది.

పిల్లవాడికి న్యుమోనియా అని తేలింది, మందులతో తగ్గింది. ఆ ఎక్స్‌రే తీయడం సరైనదే. నేను చెప్పదలచింది దాని గురించి కాదు. తలుపు తెరిచినప్పుడు నాకు కనిపించిన రెండు వస్తువుల గురించి. ఒకటి, ఆ కుర్రవాడి జేబుకు తగిలించిన చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జి. రెండోది, గోడమేకుకు వేలాడుతున్న సీసపు ఏప్రాన్. బ్యాడ్జి ఆయమ్మకు లేదు. ఏప్రాన్ ఆమె వేసుకోలేదు, వేసుకోమని ఎవరూ అనలేదు. నేను చూశాను, నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే, నన్ను బయటికి పొమ్మన్నందుకు లోలోపల హాయిగానే ఉంది.

చాలా ఏళ్ళ తరువాత ఈ సంగతి ఒక సిస్టరుగారికి చెప్పాను. ఆమె ఒక మిషను ఆసుపత్రిలో ఎక్స్‌రే పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మఠకన్య. నా భార్యను దూరంగా పంపారని చెబితే తల ఊపారు. ఆయమ్మ పట్టుకుందనగానే, "మీరెందుకు పట్టుకోలేదు మాస్టారూ?" అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే. పసిబిడ్డను పట్టుకోవలసి వస్తే తండ్రో, గర్భంతో లేని తల్లో, బంధువో ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలనీ, ఆసుపత్రి మనిషిని రోజూ ఆ పనికే వాడకూడదనీ, అది తాము నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటనీ చెప్పారు. "తండ్రికయితే తన బిడ్డ కోసం ఒక్కసారి. ఆమెకు?" అన్నారు.

ఆ ప్రశ్న అప్పటినుంచి నాతోనే ఉంది. లెక్కలు తెలిసినవాణ్ణి గనుక లెక్కవేసి చూశాను.

మనిషికి తగిలే కిరణాలను మిల్లీసీవర్ట్ అనే కొలతలో చెబుతారు. నేలనుంచి, ఆకాశంనుంచి, పీల్చే గాలినుంచి, తినే తిండినుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. పెద్దవారి ఛాతీ ఎక్స్‌రే ఒకటికి 0.02 నుంచి 0.1 వరకు. పక్కన పట్టుకున్నవారికి నేరుగా పడే కిరణాలు కాక, రోగి ఒంటిని తాకి చెదిరినవి తగులుతాయి. మీటరు దూరంలో అవి సుమారు వెయ్యోవంతు, దూరం రెట్టింపయితే నాలుగోవంతు. కాని బిడ్డను పట్టుకున్నవారు మీటరు దూరంలో ఉండలేరు గదా! ఏప్రాన్ లేకుండా పట్టుకున్న మనిషికి ఒక్కోసారి 0.005 అనుకుందాం. ఇది నేను వేసుకున్న లెక్కే, ఎవరూ కొలిచినది కాదు. తండ్రికి అది ప్రకృతి ఒక్కరోజులో ఇచ్చేదానికంటే తక్కువ. అదే ఆయమ్మ రోజుకు పదిమంది పిల్లల్ని, ఏడాదికి 300 రోజులు పట్టుకుంటే 15 మిల్లీసీవర్ట్‌లు. మామూలు జనానికి పెట్టిన హద్దు ఏడాదికి 1.

ఇక ఆ బ్యాడ్జి సంగతి. అందులో కాల్షియం సల్ఫేట్‌తో చేసిన మూడు చిన్న బిళ్ళలుంటాయి, డిస్ప్రోషియం అనే లోహం కాస్త కలిపి. కిరణాలు తగిలినప్పుడు అవి ఆ శక్తిలో కొంత దాచుకుంటాయి. మూడు నెలలకొకసారి పంపితే, అక్కడ వాటిని వేడిచేస్తారు. దాచుకున్నది వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగును కొలిచి ఆ మనిషికి ఎంత తగిలిందో చెబుతారు. ఏప్రాన్ వేసుకుంటే బ్యాడ్జి దాని లోపల, రొమ్ము దగ్గర ఉండాలి. బ్యాడ్జి ఎవరినీ కాపాడదు. మనిషి ఒంట్లోకి పోయినదానికి సాక్ష్యం మాత్రం చెబుతుంది. కుర్రవాడికి సాక్షి ఉంది, ఆయమ్మకు లేదు.

మన దేశంలో ఈ హద్దులు పెట్టేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. కిరణాలతో పనిచేసేవారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పనిచేసే స్త్రీ గర్భవతినని తెలియజేస్తే, కడుపులోని బిడ్డకు ఆపైన 1 దాటకూడదు. ఈ అంకెలు కొండమీదనుంచి దిగి రాలేదు. అంతర్జాతీయ సంఘం 1928లో స్టాక్‌హోంలో పుట్టింది. 1934లో అది రోజుకు 0.2 రాంట్‌జన్ వరకు ఫరవాలేదంది. ఇప్పటి హద్దులకు అది ఎన్నో రెట్లు. తరువాత ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌లకు దిగింది, 1990లో 20కి దిగింది. దిగిన ప్రతిసారీ దాని వెనక కొందరి ఒళ్ళున్నాయి. హాంబర్గ్ నగరంలో ఒక ఆసుపత్రి ఆవరణలో 1936లో ఒక రాతిస్తంభం నిలబెట్టారు. ఎక్స్‌రే, రేడియం పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న 169 మంది డాక్టర్లు, నర్సులు, పనివారి పేర్లు దానిమీద చెక్కారు. హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారిని 1950 నుంచి దశాబ్దాలపాటు గమనించి రాసుకున్న లెక్కలే నేటి అంకెలకు ముఖ్యమైన ఆధారం.

వీరిలో ఒక కతోలిక గృహిణి కథ నన్ను వదలదు. ఆమె పేరు కాథరిన్ డోనహ్యూ, ఊరు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా. చీకట్లో వెలిగే గడియారాల ముఖాలకు రేడియం రంగు వేసే పనికి అక్కడి ఆడపిల్లలు వెళ్ళేవారు. కుంచె మొన తేలడానికి పెదవులతో అద్దుకొమ్మని నేర్పారు. 1925లోనూ 1928లోనూ కంపెనీ వారికి పరీక్షలు చేయించింది. ఒంట్లో రేడియం ఉందని తేలింది. ఆ ఫలితాలు ఆ పిల్లలకు చెప్పలేదు. 1938లో కాథరిన్ కోర్టుకు నడవలేక ఇంట్లో పడుకునే సాక్ష్యమిచ్చింది, కేసు గెలిచింది, జూలైలో చనిపోయింది. 1941లో మనిషి ఒంట్లో ఉండదగిన రేడియంకు మొదటి హద్దు పెట్టారు, గ్రాములో కోటోవంతు. ఆ అంకెను వెలికితీసింది ఆమెలాంటివారి ఎముకల్లోంచి. అక్కడ కొలవకపోవడం కాదు తప్పు, కొలిచి దాచడం. మా ఆయమ్మ విషయంలో కొలవనే లేదు. రెంటిలో ఏది పెద్ద తప్పో చెప్పడం నాకు సులువు కాలేదు.

హద్దు అన్నమాటకు మనలో చాలామంది 'అంతవరకు ఏమీ కాదు' అని అర్థం చెప్పుకుంటాం. అది నిజం కాదు. తక్కువ మోతాదుల్లో ఎంత హాని ఉంటుందో కంటికి తేలదు గనుక, మోతాదు ఎంతో హాని అవకాశం అంత అనుకుని లెక్కిస్తారు. ఆ లెక్కన 20 మిల్లీసీవర్ట్‌లు తగిలిన వెయ్యిమందిలో ఒకరికి ఎప్పుడో ప్రాణం తీసే క్యాన్సర్ రావచ్చు. అంటే హద్దు పెట్టేటప్పుడే ఎవరో ఆ ఒక్కరి సంగతి ఆలోచించి 'సరే' అన్నారన్నమాట. కృష్ణ డెల్టావాళ్ళకు ఇది కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కరకట్ట లోపల పడుకున్నవాడికి ఆ అంకె ధైర్యం. కట్టకు నదివైపున లంకలో పసుపు, కంద వేసుకున్నవాడికి అంకె రాకముందే పొలంలో నీళ్ళు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చినప్పుడు ఆ తేడా ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది.

అందుకే అంతర్జాతీయ సంఘం 1977లో హద్దు ఒక్కటే చాలదంది. ముందు ఆ పని అవసరమేనా అని అడగాలి. అవసరమైతే వీలైనంత తక్కువకు తేవాలి. ఆ తరువాతే హద్దు. విచిత్రమేమిటంటే, వైద్యం పొందే రోగికి హద్దే లేదు. మొదట ఇది నాకు వింతగా తోచింది. ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. కిరణం పడేది అతనిమీదే, మేలు కలిగేదీ అతనికే. అతనికి కాపలా అంకె కాదు, డాక్టరుగారి మనస్సాక్షి. భారం ఒకరిది, ఫలం మరొకరిది అయినచోటనే అంకె కావాలి. తన బిడ్డను పట్టుకున్న తండ్రి ఈ రెంటికీ మధ్యన ఉంటాడు. భారం తనదే, ఫలం బిడ్డది, కాని ఆ బిడ్డ తనవాడు. తెలిసి, ఇష్టపడి నిలబడతాడు. ఆయమ్మకు ఇష్టాయిష్టాల ప్రశ్న ఎవరు వేశారు? జీతం పోతుందనే భయంతో ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోవడం అనగలమా?

ఇదే ప్రశ్న పెద్ద పనులకూ వర్తిస్తుంది. మన డెల్టాలో అణువిద్యుత్ కేంద్రం లేదు. ఆ ఇంకో శ్రీకాకుళంలో, సముద్రం ఒడ్డున కొవ్వాడలో ఆరు రియాక్టర్లు కట్టాలని తలపెట్టారు. మొదట అనుకున్న గుజరాత్‌లోని మీఠీ విర్దీని వదిలి అక్కడికి మార్చారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నేను కరెంటు వద్దనేవాణ్ణి కాదు, ఈ వ్యాసం ఫ్యాను కిందే రాస్తున్నాను. కాని వెలుగు ఎవరింట్లో, గని దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో, వల వదులుకునేది ఎవరు అని అడిగినవారిని అభివృద్ధికి అడ్డుపడేవారని కొట్టిపారేయడం తగదు. వారు అడిగేది మా సిస్టరుగారు అడిగిందే.

సత్యోపదేశం తరగతిలో ఐదవ ఆజ్ఞ చెప్పేటప్పుడు పిల్లలకు కత్తీ, విషమూ చూపిస్తాం. మేకుకు వేలాడే ఏప్రాన్ కూడా ఆ పాఠంలోదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇలా రాస్తున్నానని ఎక్స్‌రే అంటే భయపడకండి. క్షయ ఉందేమోనని డాక్టరుగారు తీయించమంటే తీయించుకోండి. దగ్గును దాచుకున్నవాడు ఇంటిల్లిపాదికీ చేసే హాని ఆ కిరణంకంటే ఎన్నో రెట్లు. మనవాళ్ళలో ఇంకో జబ్బుంది. 'స్కానింగ్ రాయలేదు, ఆయనేం డాక్టరు?' అనడం. స్కానింగులన్నీ ఒకటి కావు. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్‌లో ఈ కిరణాలు లేవు, ఎంఆర్ఐలోనూ లేవు. సీటీ స్కాన్‌లో ఉన్నాయి. పొట్టకు తీసే సీటీ ఒకటి సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు, ఎనభై ఛాతీ ఎక్స్‌రేలకు తక్కువ కాదు. డాక్టరుగారు అవసరమంటే సరే. పక్కింటివాళ్ళు తీయించుకున్నారని మాత్రం అడగకండి.

ఆయమ్మకు ఏ హానీ జరగలేదేమో. అలాగే ఉండాలని నా కోరిక. సిస్టరుగారితో మాట్లాడిన తరువాత ఒకసారి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. కొత్త భవనం, కొత్త మిషను. ఏప్రాన్ నలగకుండా కర్రమీద వేలాడదీశారు. ఆమె పని మానేసి అవనిగడ్డ వైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని మందులషాపు అబ్బాయి చెప్పాడు. ఏ ఊరో అతనికి తెలియదు. నన్ను ఆమె పేరేమిటని అడిగాడు. చెప్పలేకపోయాను.

నిరుడు మా మనవడికి దగ్గు పట్టుకుని ఎక్స్‌రే రాశారు. ఇక్కడా ఒక ఆయమ్మ, చిన్నవయసుది, "ఇలా ఇవ్వండి తాతగారూ, నేను పట్టుకుంటా" అంటూ చేతులు చాచింది. వద్దమ్మా, ఆ ఏప్రాన్ ఇలా ఇవ్వు అన్నాను. చాలా బరువుగా ఉంది. వెనక ముడి నాకు అందలేదు. ఆ అమ్మాయే కట్టి, బయటికి వెళ్ళి తలుపు వేసింది.