తుపానులో అడిగిన ప్రశ్న



యోనా గ్రంథము మొదటి అధ్యాయము తెరచి చూడుము. సముద్రము పొంగుచున్నది. ఓడ బద్దలగునట్లున్నది. చీటి యోనా పేర వచ్చినది. అప్పుడు నావికులు అతని చుట్టు మూగి, అతని పని యేమని, ఎక్కడనుండి వచ్చెనని, దేశమేదని, జనమేదని ఒకదాని వెంట ఒకటిగా అడిగిరి. యొప్పేలో అతడు ఓడ యెక్కిననాడు ఈ ప్రశ్నలు వేసినట్లు మనము చదువము. కేవు ఇచ్చెను, ఎక్కెను. సముద్రము నిమ్మళముగా నున్నంతసేపు అతని జనముతో ఎవరికిని పని లేకపోయెను.

లోకములో జరుగునది ఇదే. పంటలు పండి, కూలి దొరకుచున్న దినములలో పొరుగువాని తాత ఏ ఊరినుండి వచ్చెనో మనము విచారింపము. అల్లరి లేచినప్పుడు, పని కరవైనప్పుడు, ధరలు మండినప్పుడు విచారింతుము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట వలస వచ్చినవానికంటె వాని బిడ్డకు కష్టము. తండ్రి తన ఊరి పేరు చెప్పగలడు. బిడ్డ ఆ ఊరు కన్నులార చూచియుండడు. తాను పుట్టిన ఊరు తనను ఒప్పుకొనదు. అట్టివాడు ఎవరివాడు? ఈ మాసము నీతో కలిసి ఈ సంగతిని ఆలోచింప గోరుచున్నాను.

రంగము వెళ్లినవారు

విశాఖపట్టణములో జాలరిపేట ఒడ్డున నిలిచి తూర్పుగా చూచినయెడల మనకెదురుగా ఆవలి ఒడ్డున నున్నది బర్మా దేశము. దాని ముఖ్యపట్టణమైయుండిన రంగూనును మన పెద్దలు 'రంగము' అనిరి. 1933లో ఇక్కడి ఓడరేవు తెరువబడక మునుపు ఆవిరి ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలిచేవి. పడవవారు అలలను దాటించి మనుష్యులను ఓడకు చేర్చేవారు. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, కాకినాడ రేవులనుండి ఈ జిల్లాల పేదలు అప్పులకు, కరవులకు తాళలేక రంగము వెళ్లిరి. అక్కడ బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రేవులో మూటలు మోసిరి, రిక్షాలు లాగిరి. 1931 జనాభా లెక్కనాటికి రంగూను పట్టణములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. మన కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు తెలుగువారిని 'కోరంగీలు' అనిరి. భారతీయులందరిని 'కలా' అనిరి.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని పని మానిరి. యజమానులు వారికి బదులు బర్మా కూలీలను పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలను పొమ్మనిరి. మే 26న పనికి వచ్చి వట్టి చేతులతో మరలవలసిన బర్మావారికిని, తిరిగి పనిలో చేరిన తెలుగువారికిని రేవులో తగాదా పుట్టి పట్టణమంతట ప్రాకెను. నూరుమందికి పైగా చంపబడిరి. వారిలో మిక్కిలిమంది తెలుగు కూలీలే. ఇరువైపులవారును ఆ పూట కూలికే చేయి చాచినవారని గమనింపుము. కొట్టుకొనినవారు పేదలు. కూలి నిర్ణయించినవారు మేడలలో నుండిరి.

బర్మావారి దుఃఖమునకు కారణము లేదని చెప్పరాదు. 1930 ప్రాంతమున ధాన్యపు ధర పడిపోగా, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో సుమారు నాలుగవ వంతు భూమి కొలదికాలములోనే చెట్టియారు వడ్డీ వ్యాపారుల చేతికి పోయెను. పొలము పోగొట్టుకొనిన రైతు కన్నీరు ఏ దేశములోనైనను నిజమైన కన్నీరే. అయితే అతని కోపము లెక్క వ్రాసినవానిమీదికి వెళ్లక మూట మోసినవానిమీద పడెను. 1938లో మరల అల్లరులు లేచెను. 1942లో జపానువారి దండు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు పట్టి కాలినడకను బయలుదేరగా వేలకొలది జనులు త్రోవలోనే రాలిపోయిరి.

1948లో బర్మా స్వతంత్రమయ్యెను. తెలుగువారు అనేకులు అక్కడనే నిలిచిరి. వారి బిడ్డలు బర్మా పాఠశాలలలో చదివి, ఆ భాషలో ఆడుకొని, ఆ దేశమును తమదనుకొనిరి. 1962లో సైన్యము ప్రభుత్వమును చేపట్టెను. 1964లో అంగళ్లు ప్రభుత్వపరమయ్యెను, పెద్ద నోట్లు చెల్లకపోయెను. ఆ సంవత్సరములలో ఒకటిన్నర లక్షకు పైగా జనులు భారతదేశమునకు ఓడలెక్కిరి. మన పట్టణములో కంచరపాలెము దగ్గర బర్మా క్యాంపు అను పేట ఆ దినములకు గురుతు. అక్కడ మిగిలినవారికి 1982లో మరియొక చట్టము వచ్చెను. 1823కు పూర్వమే ఆ దేశములో స్థిరపడిన జనములకు చెందినవారికి అది పూర్తి పౌరసత్వము నిచ్చి, తరువాత వచ్చినవారి సంతతిని తక్కువ వరుసలలో నిలిపెను. తాతయు తండ్రియు అక్కడనే పుట్టినను, మనుమడు ఇంకను కాగితము చూపవలసినవాడే.

మా సంఘములో నున్న యొక వృద్ధురాలు రంగూనులో పుట్టి, పదునాలుగేండ్లప్పుడు తలిదండ్రులతో ఇక్కడికి వచ్చినది. తెలుగులో ప్రార్థన చేయును. డబ్బు లెక్కించునప్పుడు మాత్రము నేటికిని పెదవులమీద బర్మా మాటలే వచ్చును. ఆమె యొకసారి నాతో ఇట్లనెను: "అయ్యగారండీ, అక్కడేమో మీ దేశం పొమ్మన్నారు. ఇక్కడికొస్తే మీ బర్మాకి పొమ్మన్నారు. మరి మేమెక్కడ పుట్టాలండి?"

చదువరీ, ఈ ప్రశ్నకు నీయొద్ద ఏమి జవాబున్నది?

లేఖనములలో వలసవారి బిడ్డలు

మన వేదము ఈ బిడ్డలను మరువలేదు. మిద్యానులో మోషేకు పుట్టిన కుమారునికి తండ్రి పెట్టిన పేరులోనే పరదేశితనమున్నది. గెర్షోము ఆ కుమారుడు. తండ్రి దుఃఖము కొడుకునకు పేరై వెంట నడచినది. ఐగుప్తులో యోసేపునకు ఇద్దరు కుమారులు పుట్టిరి. వారి తల్లి ఐగుప్తు యాజకుని కుమార్తె. వారి మాట, వేషము ఐగుప్తు రీతిగానే యుండియుండును. అయితే ముసలివాడైన యాకోబు, రూబేను షిమ్యోనులు తనకెట్లో ఈ ఇద్దరును అట్లేయని చెప్పి వారిని తన సొంత బిడ్డలలో చేర్చుకొనెను. కనాను త్రోవ తెలియునా, హెబ్రీ మాట తిన్నగా పలుకుదురా యని పరీక్ష పెట్టలేదు. దగ్గరకు తీసికొని, ముద్దుపెట్టుకొని, తరువాత దీవించెను.

ఆ దీవెన పొందిన ఎఫ్రాయిము సంతతివారికే న్యాయాధిపతుల కాలములో ఏమి సంభవించెనో చూడుము. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు కాపు కాచి, దాటవచ్చిన ప్రతివానిచేత ఒక్క మాట పలికించిరి. ఆ మాటలోని అక్షరము నోట తిరగనివానిని చంపిరి. నలువది రెండు వేలమంది పడిరని వ్రాయబడియున్నది. ఇరువైపులవారును ఇశ్రాయేలీయులే. యాసనుబట్టి మనుష్యుని ప్రాణమునకు వెల కట్టుట ఆనాటితో నిలిచిపోలేదు.

ఇక పౌలును చూడుము. అతడు కిలికియలోని తార్సులో పుట్టినవాడు. యెరూషలేములో అల్లరి మూక అతనిని పట్టుకొని కొట్టుచుండగా, రోమా సహస్రాధిపతి అతనిని ఎవరో ఐగుప్తీయుడనుకొనెను. అప్పుడు పౌలు తాను యూదుడననియు తార్సు పట్టణస్థుడననియు చెప్పెను. హెబ్రీ భాషలో తన జనులతో మాటలాడెను. కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను పుట్టుకతోనే రోమీయుడనని చెప్పెను. పౌలు చెప్పినవన్నియు నిజమే. ఒకదానిని నిలుపుకొనుటకు మరియొకదానిని కాదనలేదు. వీటన్నిటికి పైగా మన పౌరస్థితి పరలోకమందున్నదని నేర్పినవాడును అతడే. అయినను ఆ పరలోకపు హక్కును చూపి భూమిమీది హక్కును పారవేయలేదు. దెబ్బలు తప్పించుకొనుటకు, న్యాయము కోరుటకు దానిని చూపెను.

కాబట్టి నేను చెప్పదలచినది ఇది. వలసవారి బిడ్డ రెండు ఊళ్లను తనవనుట అబద్ధము కాదు, ద్రోహము కాదు. అతని హృదయమును రెండుగా కోసి ఒక ముక్క పారవేయుమని అడుగుటకు ఏ మూకకును అధికారము లేదు. అతడు మనవాడగునా కాడా యనునది అతని జవాబునుబట్టియే తేలదు. తుపానులో మనమేమి చేసితిమో దానినిబట్టియు తేలును. ఆ నావికులు అన్యులు. యోనా నిమిత్తమే తుపాను వచ్చెనని వారికి తెలిసినది. తన్ను పడవేయుడని యోనాయే చెప్పినాడు. అయినను వారు వెంటనే పడవేయక, ఓడను దరికి చేర్చవలెనని తెడ్లు బలముగా వేసిరి. ఎదురు గాలిలో తెడ్డు వేయుట ఎట్టిదో జాలరిపేట సహోదరులనడుగుము. ఎవరో తెలియని పరదేశి నిమిత్తము వారు ఆ శ్రమ పడిరి.

మన వాకిట నున్నవారు

ఈ సంగతి సముద్రమునకు ఆవల జరిగినదని విడిచిపెట్టకుము. పూరీ పట్టణపు ఒడ్డున పెంటకోటలో తరతరములుగా మన తెలుగు జాలరులున్నారు. వారి బిడ్డలు ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాటలాడుదురు. అక్కడివారు వారిని ఆదరింపవలెనని మనము కోరుదుము గదా? అదే కొలతతో మన ఊరిని కొలుచుకొందము. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఉద్యమము లేచి అనేకులు ప్రాణములిచ్చిరి. 1971లో శంకుస్థాపన జరిగెను. పని కొరకు ఒడిషా, కేరళ, బెంగాలు, బీహారు ప్రాంతములనుండి జనులు వచ్చిరి. వారి బిడ్డలు ఇక్కడనే పుట్టి మన బిడ్డలతో ఒకే బల్లమీద కూర్చుండి చదివిరి.

ఆ కర్మాగారము కొరకు భూములు విడిచియు ఉద్యోగము రాని కుటుంబములును ఉన్నవి. వారి మొర న్యాయమైనది. సంఘము దానిని వినవలెను, అధికారులకు వినిపించవలెను. అయితే ఆ నొప్పిని గూడారములో నున్న ఒడియా కూలిమీద తీర్చుకొనుమని ఎవడైనను చెప్పినయెడల, రంగూను రేవును జ్ఞాపకము చేసికొనుము. పొలము తీసికొనిన చేయి ఒకటి. మనకు అందుబాటులో నున్న మెడ మరియొకటి.

కాబట్టి సంఘములుగా మనము చేయవలసిన పనులు మూడున్నవి.

మొదటిది, నాలుకను కాచుకొనుడి. రంగూనులో 'కలా' అను మాట మన తాతలను ఎంత కోసినదో, మనము మనుష్యుని పేరు విడిచి అతని ప్రాంతముతో పిలుచుటయు అంతే కోయును. ఆ బిడ్డకు బాప్తిస్మపు పేరో తల్లి పెట్టిన పేరో ఒకటున్నది. దానితో పిలువుడి.

రెండవది, కాగితముల విషయములో తోడు నిలువుడి. వలసవాని బిడ్డకు పుట్టిన తేదీ పత్రము, బడిలో చేరిక, రేషను కార్డు సంపాదించుట కష్టము. అల్లరి దినమున ఆ కాగితమే వానికి తెడ్డు. చదువు వచ్చిన సంఘ పెద్దలు ఒక దినపు పని మాని కచేరీకి వెంట వెళ్లుట గొప్ప పరిచర్య.

మూడవది, అల్లరి లేచిన రాత్రి ఎవరి తలుపు తీయవలెనో ముందుగానే నిశ్చయించుకొనుడి. భయము వచ్చిన తరువాత మనుష్యుడు తిన్నగా ఆలోచింపడు.

ఈ పేజీలు చదువుచున్న వలసవారి బిడ్డా, నీతోను ఒక మాట. బబులోనులోని చెరవారు ఆ పట్టణ క్షేమము కోరి ప్రార్థింపవలెనని యిర్మీయా వ్రాసిన పత్రిక నీకును చెందును. నీవున్న ఊరి మేలు కోరుము. తండ్రి ఊరిని తలచుకొనుటకు సిగ్గుపడకుము. నీ లెక్కలు ఏ భాషలో వచ్చునో ఆ భాషలోనే లెక్కించుకొనుము. నిన్ను పొమ్మన్నవారిని ద్వేషింపకుము, అయినను పౌలువలె నీ హక్కును అడుగుటకు వెనుదీయకుము.

ప్రార్థన: పసితనమున ఐగుప్తులో పరదేశిగా పెరిగిన ప్రభువా, మా వాకిట నిలిచిన బిడ్డను ఏ ఊరివాడవని అడుగుటకు ముందు, అన్నము తింటివా యని అడుగు మనస్సును మాకు దయచేయుము. పొలములు పోయినవారికి న్యాయము జరిగించుము. సముద్రమునకు ఈవలను ఆవలను నున్న మావారిని కాపాడుము. ఆమేన్.