వచనబలము



మన శాస్త్రములు పది ప్రాణములను చెప్పినవి: ఇంద్రియములు అయిదు, మనోబలము, వచనబలము, కాయబలము, శ్వాసోచ్ఛ్వాసము, ఆయువు. చెట్టుకు, నీటికి నాలుగే ప్రాణములు. వానికి మాట లేదు. రెండింద్రియముల జీవి మొదలుకొనియే వచనబలము కలుగును. మాటను ప్రాణములలో చేర్చి, దానికి 'బలము' అని పేరిడుట గమనింపదగినది. బలవంతుడు చేయి ఎత్తునపుడు ఎదుట ఎవరున్నారో చూచుకొనవలెను గదా! నోరెత్తునపుడును అంతే. అందుకే సాధువులకు అయిదు సమితులలో భాషాసమితిని, మూడు గుప్తులలో వచనగుప్తిని విధించినారు.

మనము సాధువులము కాము, వర్తకులము. మన కొరకు ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో సత్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చూపినారు: తప్పుడు ఉపదేశము, పరుల గుట్టు వెల్లడించుట, దొంగపత్రము వ్రాయుట, తన వద్ద దాచిన సొమ్మును అపహరించుట, ఇతరుల ఆలోచన పసిగట్టి చాటుట. ఇది అంగడి వారి కొరకే వ్రాసినట్లున్నది. "ఆయనకు చేయి ఆడుటలేదట" అని టీ త్రాగుచు ఒకడనిన మాట సాయంకాలమునకు బజారంతయు ప్రాకును; ఫోనులో పంపినచో అంతసేపైనను పట్టదు. మరునాడు ఆయనకు అప్పు మీద సరుకు పుట్టదు. ఆ ఇంటి పొయ్యి ఆరుటకు కారణము ఒక్క మాట.

"నేను నిజమే చెప్పితిని గదా" అందురు కొందరు. ఉన్న సంగతియైనను, లేని సంగతియైనను, ప్రాణిని పీడించు మాట మంచి మాట కాదని పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో వివరించినారు. ఒంటికన్నువానిని ఆ పేరుతో పిలువరాదని దశవైకాలికము చెప్పుచున్నది. అట్లని ఇచ్చకములాడుమని కాదు. దొంగలెక్కయు ఆ అయిదింటిలోనిదే. బాకీ అడుగవలసినదే, కాని నలుగురిలో కాదు, ఆతని భార్యాబిడ్డల యెదుట కాదు.

మన హెబ్బగోడి సంగతి చూడుడు. హోసూరు రోడ్డు ఫ్యాక్టరీలను నమ్ముకొని ఎక్కడెక్కడి పిల్లలో ఇచ్చటికి వచ్చుచున్నారు. తెలుగు, కన్నడము, తమిళము, హిందీ అన్నియు మన వీధులలో వినబడును. అట్టి పరభాషా కుర్రవాడు మన అంగడిలో పనికి చేరినపుడు మొట్టమొదట నేర్చుకొను తెలుగు మాట యేది? చాలచోట్ల అది తిట్టే! తూకము తప్పినపుడు "మొద్దువెధవా" అన్నచో వాడు తూకము నేర్వడు, భయము నేర్చును. ప్రక్కన నిలిచి "ముల్లు నిలిచిన తరువాత చూడు నాయనా" అన్నచో పదినాళ్లలో పనివాడగును. ఖర్చు రెండింటికిని ఒక్కటే.

బాహుబలి ఏడాది నిలిచి తపమొనర్చినను కేవలజ్ఞానము కలుగలేదు. శ్వేతాంబర కథలో సోదరీమణులు బ్రాహ్మీసుందరులు వచ్చి, ఏనుగు దిగుమని మాత్రమే అన్నారు. ఆ ఏనుగు తన అభిమానమేయని ఆయన గ్రహించెను. వారు తప్పు చూపినారు, కాని మనసు నొప్పింపలేదు. దిద్దు మాటకు ఇంతకు మించిన మాదిరి లేదు.

మెచ్చు మాటకును మనకొక మాదిరి కలదు. కరీంనగరు జిల్లా కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై, 10వ శతాబ్దిలో జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము చెక్కించెను. అందులో తన అన్నయగు పంపకవి గొప్పతనమును చాటెను. అన్నదమ్ములు గట్టు తగవుతో కోర్టులకెక్కు ఈ దినములలో, ఒక తమ్ముడు అన్నను గూర్చి పలికిన మంచిమాట వేయేండ్లు దాటి రాతి మీద నిలిచియున్నది.

కాలు జారిన తీసుకొనవచ్చును, నోరు జారిన తీసుకొనలేము. సంవత్సరి నాడు అందరితో "మిచ్ఛామి దుక్కడం" అందుము. తరచుగా మన మాట తగులని వారికే ఆ మాట చెప్పుదుము. తగిలినవాని గడప మాత్రము త్రొక్కము. ఈ ఏడు ముందుగా ఆ గడపకే పోవుదము. పండుగ వరకు ఆగనక్కరలేదు.

జయ జినేంద్ర!