మాటు, గాలి, మనిషి వాసన

‘పసిగట్టుట’ అనే క్రియ నేడు నేర పరిశోధనకు, రాజకీయ వ్యూహాలకు ఎక్కువగా వాడబడుతున్నది గాని, దాని పుట్టుక అడవిలోనిది. పసి అనగా వాసన. గాలిలో తేలివచ్చే వాసనను బట్టి మృగం మనిషి ఉనికిని, జాగిలం మృగం జాడను తెలుసుకొనడమే పసిగట్టడం. ఈ విద్యలో మనిషి చాలా మృగాల కంటె వెనుకబడినవాడు. అందుచేతనే వేటకు బయలుదేరే ముందు ఆయుధానికి పదును పెట్టుకొనడం ఎంత ముఖ్యమో, తన ఒంటి వాసనను అణచుకొనడమూ అతనికి అంత ముఖ్యమైనది.

చెమటకు స్వతహాగా వాసన దాదాపు లేదు. చర్మం మీద నివసించే సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడే మనిషి వాసన పుడుతుంది. నిరంతరం రాలిపోయే చర్మపు పొలుసులు ఆ వాసనను గాలిలోకి మోసుకొనిపోతాయి. ఉత్తర అమెరికాలో తెల్లతోక జింకల వేటకు పోయేవారు పరిమళం లేని సబ్బుతో స్నానం చేస్తారు. బట్టలను వంటసోడాతో ఉతికి, ఆరుబయట ఆరవేసి, అడవి ఆకులతో కలిపి పెట్టెలో భద్రపరుస్తారు. వాసనను పీల్చుకొనే బొగ్గుపొడి పొరలున్న దుస్తులు కూడ అక్కడి అంగళ్లలో దొరుకుతాయి. అయితే 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, అటువంటి దుస్తులు ధరించి దాగినవారిని శిక్షణ పొందిన శునకాలు దాదాపు అన్ని సందర్భాలలోను కనిపెట్టాయి. అంత ఖరీదు పెట్టడం కంటె పిడికెడు దుమ్మును జారవిడిచి గాలివాటు చూచుకొనడమే మేలని చెప్పవలసి ఉన్నది. ఎండ ఎక్కినకొద్దీ కొండవాలు మీది గాలి పైకి పోతుంది; ప్రొద్దువాలి నేల చల్లబడగానే లోయలోకి దిగుతుంది. ఇది తెలిసినవాడు ఉదయం ఒక దారిని, సాయంకాలం మరొక దారిని ఎన్నుకొంటాడు.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఆకుల చాటున దాగినవాడు తాను కనబడుచున్నాడో లేదో తోటివాని కంటితో పరీక్షించుకొనగలడు. అడుగుల చప్పుడును తన చెవులతో తానే వినగలడు. తన వాసన మాత్రం తనకు తెలియదు. దానిని దాచుకొనాలంటే తన ఇంద్రియాలను ప్రక్కన పెట్టి, ఎదుటి ప్రాణి ముక్కుతో తన్ను తాను ఊహించుకొనాలి. కౌటిల్యుడు దీనిని కొంతవరకు గుర్తించాడు. ద్యూతం కంటె వేటయే చెడ్డదన్న పిశునుని వాదాన్ని త్రోసిపుచ్చుతూ ఆయన చెప్పిన లాభాలలో వ్యాయామం, గురి సాధించడం మాత్రమే కాక, కోపంలోను భయంలోను మృగాల చిత్తం ఎట్లుండునో తెలుసుకొనడం కూడ ఒకటి. మనుస్మృతి మృగయను కామజనితమైన పది వ్యసనాలలో మొట్టమొదట పేర్కొన్నది.

చిత్తం తెలుసుకొన్నది చంపడానికే అయినప్పుడు ఆ తెలివిని ఏమనాలి? ఎదుటివాని భయాన్ని లోపలి నుండి ఎరిగినవాడు దానిని పోగొట్టడానికి బదులు దాని కన్నుగప్పడానికి వినియోగిస్తే, అది యుక్తియా, వంచనయా? కిష్కింధాకాండలో వాలి అడిగిన ప్రశ్న దీనికి దగ్గరిదే: వేరొకరితో పోరాడుచున్నవానిని చాటు నుండి కొట్టడం ఏ ధర్మం? మాంసార్థులు ఉచ్చులతోను, వలలతోను, మాటున పొంచియుండియు మృగాలను చంపడం లోకంలో ఉన్నదేననీ, అందు దోషం లేదనీ రాముడు బదులు చెబుతాడు. కాని వాలి చేసిన తప్పుకు రాజు విధించిన శిక్ష ఇది అని కూడ ఆయనే అంటాడు. ధర్మాధర్మాలకు బాధ్యుడైనవాడు మృగం కాడు; మృగమైనవానికి శిక్ష లేదు. ఈ రెండు సమాధానాలు ఒకదానినొకటి పూర్తిగా ఒప్పుకొనవు. వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా దీనిని విప్పుతూనే ఉన్నారు.

భారతం మరొక చోట గీత గీసింది. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో, మృగరూపంలో ఉన్న కిందముడు తన్ను కొట్టిన పాండురాజును వేటాడినందుకు తప్పుపట్టడు. సంగమ సమయంలో కొట్టినందుకు శపిస్తాడు. ఆ ముని దృష్టిలో దోషం వేటలో లేదు, ఎన్నుకొన్న క్షణంలో ఉన్నది. 1887లో థియోడోర్ రూజ్వెల్ట్ ప్రభృతులు అమెరికాలో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ప్రచారం చేసిన న్యాయమైన వేట అనే భావన కూడ మృగానికి తప్పించుకొనే అవకాశం ఉండాలంటుందే తప్ప, పొంచియుండడాన్ని నిషేధించదు. ఆకలి తీర్చుకొనవలసినవానికి ఈ చర్చ చాలావరకు అనవసరం. ఒక్క బాణం వృథా అయితే అతని ఇంట పొయ్యి వెలగదు. మాటు అతని కష్టంలో భాగం. గోడ మీద కొమ్ములు తగిలించుకొనడానికి వెళ్లేవాడు జింకకు మిగిలిన ఆ ఒక్క రక్షణను కూడ కొని తెచ్చిన బట్టలతో తొలగించడానికి పూనుకొన్నప్పుడే ప్రశ్న బిగుస్తుంది. అతడు న్యాయమైన పోటీ అని దేనిని అంటాడో, దానినే అంగడిలో రద్దు చేసికొని వస్తాడు.

భారతదేశంలో ఈ ప్రశ్నకు చట్టం చాలవరకు ముగింపు పలికింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో లైసెన్సు వేట అంతరించింది. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులను ఆ చట్టమే మినహాయించింది. మాటు విద్య మాత్రం పోలేదు. సంయుక్త రాష్ట్రాల అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ 1927లో ప్రకటించిన గ్రంథంతో తుపాకీకి బదులు కెమెరా అడవిలో స్థానం సంపాదించింది. గాలివాటు చూచి కూర్చొనడం అతనికీ తప్పలేదు.

జిమ్ కార్బెట్ నరభక్షకుల వెంట తిరిగిన రోజులలో గమనించిన సంగతి దీనికి తిరగవేసిన రూపం. మనిషికి ముక్కు పనిచేయదని పులికి తెలియదు. అందుచేత నరభక్షకి అయిన పులి ఇతర మృగాలను సమీపించినట్లే మనిషిని కూడ గాలికి ఎదురుగా, తన వాసన సోకనీయకుండా సమీపిస్తుంది. గాలి ముఖానికి తగులుచున్నంతసేపు ప్రమాదం వెనుక నుండియే అని ఎరిగిన కార్బెట్, గాలికి అడ్డంగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ, ఆ ప్రమాదం తన కుడియెడమలకు వచ్చేటట్లు నడిచేవాడు.