పుణ్యము లేని స్నానము

మన రాజమహేంద్రవరమువారికి స్నానమును గూర్చి యెవ్వరును క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. తెల్లవాఱకమునుపే పుష్కరరేవునను కోటిలింగాల రేవునను మునుగువారి సంకల్పములు వినబడుచుండును. కార్తికమాసమున దీపములు నీటిమీద తేలును. పండ్రెండేండ్ల కొకసారి దేశము దేశమే యిక్కడికి తరలివచ్చును. మునుగుట పుణ్యమని మనకు ఉగ్గుపాలతోనే తెలియును. అయినను, పుణ్యమును గోరక, ఒడలి మలినమును కడుగుకొనుటకును గాక, కేవలము సంతోషముకొఱకే నీటిలో దిగుట తగునా తగదా యన్న ప్రశ్న మన యిండ్లలో వచ్చినప్పుడు మాత్రము తిన్నని సమాధానము దొరకుట లేదు. ప్రశ్న చిన్నదిగా తోచును గాని, మన గృహజీవనమునకు సంబంధించిన పెద్ద విషయములు దానిలో నిమిడియున్నవి. కావున దీనిని కొంచెము విచారింతము.

మేమీ విచారమునకు దిగుటకు కారణమైన సంగతి యిది. గడచిన శీతకాలపు సెలవులలో మా బంధుకుటుంబములు మూడు కలిసి కాకినాడకు ఉత్తరముననున్న యొక సముద్రతీరగ్రామమున రెండుదినములు విడిసినవి. చంద్రుడు లేని రాత్రి. భోజనములైన పిమ్మట ఒడ్డున నడచుచుండగా, విఱుగుచున్న ప్రతి కెరటపు టంచునను నీలపు వెలుగు పుట్టి యణగుచుండుట యందఱమును చూచితిమి. తడియిసుకపై అడుగుపెట్టిన చోటనెల్ల రవ్వలవంటి చుక్కలు మెఱసినవి. వలలు సరిచేసికొనుచున్న జాలరులకు అది వింత కాదు. చీకటిరాత్రులలో వల లాగునప్పుడు దారములవెంట వెలుగు కాఱుట తమకు మామూలేనని వారు చెప్పిరి. పురుషులును మగపిల్లలును మోకాటిలోతు నీటికి పోయి ఆ వెలుగును దోసిళ్లతో నొకరిపై నొకరు చల్లుకొనిరి. స్త్రీలు ఒడ్డుననే నిలిచిరి. వారిలో కళాశాలయందు జీవశాస్త్రము బోధించు కోడలొకతె యుండెను. ఆ వెలుగేమో, యెట్లు పుట్టునో సరిగా నెఱిగినది మాలో నామె యొక్కతెయే. ఆమె యందఱి తువాళ్లను చేతబట్టుకొని నిలుచుండెను. ఆమెయు ఒకయడుగు ముందునకు వేయగా, ఇంటి పెద్దామె, “ఇవాళ ఏం పర్వమని దిగుతావమ్మా? ఉట్టి పుణ్యానికి ఈ వేళప్పుడు సముద్రంలో మునగడమేమిటి?” అనెను. కోడలు “అలాగేనండీ అత్తయ్యగారూ” అని వెనుకకు తగ్గెను.

“ఉట్టి పుణ్యానికి” అను పలుకుబడి యెంత చిత్రమైనది! నిష్కారణమైన పనికి మనవారు పుణ్యము పేరే పెట్టిరి. ఆ పెద్దామె మాటలో కోపము లేదు, కాపట్యము లేదు. తరతరములుగా వచ్చిన నమ్మకము మాత్రమే కలదు. దానిని పరిహసించుట మా యుద్దేశము కాదు. పరీక్షించుట మాత్రము మా విధి.

మొదట ఆ వెలుగేమో తెలిసికొందము. మన సముద్రములలో నిట్టి కాంతి కనబడినప్పుడు దానికి తఱచుగా కారణమగునది నాక్టిల్యూకా యను సూక్ష్మజీవి. ఆ పేరునకు రాత్రివెలుగని యర్థము. అది యొకే కణముగల ప్రాణి. అందు పెద్దవి సయితము గసగసాల గింజకంటె అంతగా పెద్దవి కావు. నీరు నిశ్చలముగా నున్నప్పుడు అది వెలుగదు. కెరటము విఱిగినను, చేప కదలినను, మనచేయి తాకినను దాని పొరయందు విద్యుత్తు చలించి, లోపలి చిన్న తిత్తులలో ఆమ్లము ప్రవేశింపగా, లూసిఫెరిన్ అను పదార్థము లూసిఫెరేస్ అను మఱియొక పదార్థము సాయమున ప్రాణవాయువుతో కలియును. అప్పుడొక మెఱుపు పుట్టి సెకనులో పదియవవంతు కాలములోనే యాఱిపోవును. ఈ రెండు పదార్థములకును పేరులిడినవాడు గతశతాబ్దికి ముందరి శతాబ్దమున రఫాయెల్ దుబ్వా యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. మన తోటలలోని మిణుగురుపురుగు వెలుగును ఈ తీరుననే పుట్టును. అది చల్లని వెలుగు. దానియందు వేడిమి దాదాపుగా లేదు. 2019 ఆగస్టులో చెన్నపట్టణమున బెసంటునగరు, తిరువాన్మియూరు తీరములలో నిట్టి కాంతి కనబడినప్పుడు జనులు రాత్రివేళ గుంపులుగా పోయి చూచిరి.

ఇట్లు విప్పిచెప్పిన యెడల వింత నశించునని కొందఱు విద్యావంతులే యందురు. ఇది సరికాదు. కారణము తెలియని వెలుగును చూచినవాడు కొఱవిదయ్యమని పరుగెత్తును. కారణము తెలిసినవాడు నిలిచి చూచును. పాఱిపోవువానికి వింత యెక్కడిది? బాల్యమున విశాఖపట్టణపు సముద్రమును చూచుచు చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామన్ 1921వ సంవత్సరమున ఓడమీద మధ్యధరాసముద్రమును దాటుచు, ఈ నీలిమ యెక్కడిదని ప్రశ్నించుకొనెను. ఆకాశపు ప్రతిబింబమే యన్న పెద్దల సమాధానముతో తృప్తిపడక పరీక్షచేసి, నీటి యణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని చూపెను. ఆ త్రోవనే సాగిన పరిశోధన 1928లో ఆయన పేరు ధరించిన ఫలితమునకు దారితీసెను. విచారణ యానందమునకు శత్రువే యైనచో ఆయన ఆ నీలిమనుండి ముఖము త్రిప్పుకొనవలసినది గదా! తెలిసినకొలదియు చూపు నిలుచుచున్నది కాని తొలగుట లేదు.

ఇక పుణ్యమును గూర్చిన యాక్షేపణ. రావిచెట్టును శనివారమునను, సముద్రమును పర్వదినములందును తప్ప తాకరాదని పెద్దలు చెప్పుట కలదు. గ్రహణాదులందు తప్ప రాత్రిస్నానము కూడదనియు చెప్పుదురు. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున భుజించిన వెంటనేయు, రోగియై యున్నప్పుడును, నడిరేయియందును, లోతుపాతులు తెలియని జలాశయమందును స్నానము చేయరాదని యున్నది. ఈ నిషేధములను చూచి నవ్వువారు తొందరపడుచున్నారు. నడిరేయి, తెలియని నీరు, నిండుకడుపు, రోగము. ఇవి నాలుగును నేటి వైద్యుడును ఒప్పుకొను కారణములే. మన తీరమున కెరటము వెనుదిరుగునప్పటి యీడ్పు ఈతగాండ్రను సయితము లోనికి లాగికొనిపోవును. చీకటిలో రక్షించువా డుండడు. నిషేధమునందలి వివేకమును మే మంగీకరింతుము. కాని వివేకము పోయి నిషేధము మాత్రము మిగిలినప్పుడు చిక్కు వచ్చుచున్నది. అపాయమే కారణమైన యెడల ముందుగా మగపిల్లలను ఆపవలసినది. ఏలయన దూరముగా పోవువారు వారే. అపాయము వారికి వర్తింపక, మోకాటిలోతున నిలువగోరిన విద్యావతికి మాత్రము వర్తించునా? అట్లు వర్తింపజేసితిమేని మనము కాపాడుచున్నది ప్రాణమును కాదు, అలవాటును.

పర్వమున్నంతమాత్రమున స్నానము క్షేమకరమగుననుటయు సత్యము కాదు. 2015 జులై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలిదినమున, మన పుష్కరరేవునందే తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణములు కోల్పోయిరి. వారందఱును పుణ్యమునే గోరి వచ్చినవారు. వారి భక్తిని మేము గౌరవింతుము. వారి కుటుంబముల దుఃఖమును ఈ యూరు మఱువరాదు. అయినను ఒకే గడియలో, ఒకే రేవున మునిగిననే ఫలమధికమను లెక్క మనుజుని తొందరపెట్టునని మాత్రము చెప్పక తప్పదు. పండ్రెండుదినములును నది యొక్కటియే. పుణ్యమును తూనికవేయువానికి ప్రక్కవాడు అడ్డుగా కనబడును. సంతోషమునకై వచ్చినవానికి ప్రక్కవాడు తోడుగా కనబడును. ఈ భేదము ఆలోచింపదగినది.

కొందఱు సంస్కారప్రియులు మఱియొక సమాధానము చెప్పుదురు: ప్రకృతిసౌందర్యమును చూచుటయు నొక పూజయే గావున అందును పుణ్యమున్నదందురు. ఈ మాట వినుటకు ఇంపుగానే యుండును. కాని యిది ముందరి ద్వారమున పంపివేసిన లెక్కపుస్తకమును పెరటిదారిని మరల తెచ్చుట. సంతోషమును పుణ్యమని పేరు మార్చి గాని యింటిలోనికి రానీయమందుమా? చంటిబిడ్డ నవ్వునప్పుడు దాని ఫలమేమని యెవ్వరును అడుగరు. నిర్దోషమైన సంతోషమునకు వేఱు అనుమతిపత్రము అక్కఱలేదని మా యభిప్రాయము. అట్లనుటచే కర్తవ్యము తగ్గదు. దేశమున నాకలిగొన్నవా రుండగా ఆటలేమని యడుగువారికి, వారి యన్నమును తీసికొనని సంతోషము వారికి ద్రోహము కాదని మేము చెప్పుదుము.

“నిర్దోషమైన” అన్న మాటను మేము ఊరక వేయలేదు. అన్నిటికంటె బరువైన యాక్షేపణ యిక్కడనే కలదు. దానిని పెద్దామె యడుగలేదు, మనమే యడుగుకొనవలయును. ఆ చిన్నప్రాణి మన వినోదముకొఱకు వెలుగుట లేదు. తన్ను తినవచ్చినదానిని బెదరించుటకో, దానిని తినగల పెద్దప్రాణికి జాడ చూపుటకో అది మెఱయునని శాస్త్రజ్ఞుల యూహ. దొంగ పడినప్పుడు ఇంటివాడు కేకవేసి యిరుగుపొరుగును లేపుటవంటిది. అనగా మనము చేతితో కలచి యానందించు ప్రతి మెఱుపును ఒక కేక. కణమునకు మనవలె బాధ కలదని మేము చెప్పము. దానికి నరములును లేవు, మెదడును లేదు. కెరటము రాత్రియంతయు చేయుచున్న పనినే మనచేయి క్షణకాలము చేయుచున్నది. కాని మనుజులు వందలుగా దిగి, ఒంటికి పూసికొన్న నూనెలను లేపనములను నీటిలో కలిపిన యెడల సంగతి వేఱగును. ప్యూర్టోరికోకు చెందిన వియేకెస్ దీవియందు రాత్రులు వెలుగుటకు ప్రసిద్ధిగాంచిన మస్కిటో యఖాతమున ఈ కారణముచేతనే స్నానము నిషేధింపబడినది. జనులు పడవలలో పోయి చూచి వత్తురు. అక్కడివారు తమ సంతోషమునకు హద్దు పెట్టుకొని దాని మూలమును కాపాడుకొనుచున్నారు.

ఇంకొక మాట. కొలదిగా నున్నప్పుడు ఈ జీవి సముద్రమునకు సహజము. అమితముగా పెరిగినప్పుడు అదియే కీడు. అది నవాసారపు ద్రవ్యమును తనలో నిలువచేసికొనును. గుంపులుగా చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు క్షీణించును. 2019 సెప్టెంబరులో రామేశ్వరమునకు దగ్గఱ మన్నారు సింధుశాఖయందు ఇట్లే నీరు పచ్చనై, చచ్చిన చేపలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. ఇట్టి పెరుగుదలను ఉపగ్రహములద్వారా కనిపెట్టి తెలుపుపనిని హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము చేయుచున్నది. పొలములనుండి కొట్టుకొనిపోవు ఎరువులును, పట్టణముల మురుగును సముద్రమున నాచుజాతులకు మేతయై, వానిని తిను జీవులను పెంచును. వెలిగిన ప్రతి కెరటమును వ్యాధిచిహ్నమని మేము చెప్పము. కాని వెలుగును చూచి మురియువాడు ఆ నీటి యారోగ్యమును గూర్చి అడుగక పోవుట, ఎఱ్ఱబాఱిన బిడ్డ చెక్కిళ్లను చూచి మురిసి జ్వరమున్నదేమోయని తాకి చూడకపోవుటవంటిది.

కాబట్టి సంతోషమును పరీక్షించుటకు పంచాంగము పనికిరాదు. రెండు ప్రశ్నలు చాలును. దీనివలన నష్టమెవరికి? దీనినుండి వెలివేయబడినవా రెవరు? మొదటి ప్రశ్న అడుగనివాడు భోగి యగును. రెండవది యడుగనివాడు, తాను గ్రహింపకయే, అన్యాయమున భాగస్థుడగును. ఒక కుటుంబమున సగముమంది నీటిలోనుండి నవ్వుచు, సగముమంది ఒడ్డున బట్టలు కాయుచున్న యెడల, ఆ సంతోషము సగము కాదు, లోపభూయిష్ఠము. మన స్త్రీలకు గోదావరిలో మునుగుటకు అడ్డులేదు; పుణ్యముపేర చీకటివేళను వేలమంది నడుమ తడిబట్టలతో నిలుచుట మర్యాదకు భంగము కాలేదు. తన యింటివారి నడుమ, జనసంచారము లేని యొడ్డున, సంతోషముకొఱకు పాదములు తడుపుకొనుట మర్యాదాభంగ మెట్లయ్యెను? అభ్యంతరము నీటికి కాదు, చీకటికి కాదు. స్త్రీ తనకొఱకై యొక్క క్షణము కోరుటకే యభ్యంతరమని మాకు తోచుచున్నది. భర్త యాయుస్సుకొఱకు, బిడ్డల క్షేమముకొఱకు ఆమె యెన్ని మునుకలు వేసినను మెచ్చుకొందుము. తనకై యొక మునుక వేసిన ప్రశ్నింతుము. ఇది తల్లులును అత్తలును తామే యాలోచించుకొనవలసిన విషయము. వారి కాలమున వారికిని ఎవ్వరును ఈ యనుమతి నీయలేదు గదా!

చదువరులకు మే మిచ్చు సలహా కష్టసాధ్యమైనది కాదు. సెలవులకు సముద్రతీరమునకు పోవుదురేని, ఆ యొడ్డు నెఱిగిన జాలరి నడిగి, అతడు మంచిదన్న చోటనే, అతడు మంచిదన్న వేళనే దిగుడు. మోకాటిలోతు దాటకుడు, ఆ లోతుననే వెలుగు చేతికందును. ఒంటికి నూనెలు పూసికొని దిగకుడు. నీరు పచ్చగా చిక్కబడినను, కంపుకొట్టినను, చచ్చిన చేపలు కనబడినను అసలే దిగకుడు. పిల్లల ప్రశ్నలను దయ్యముల కథలతో అణపక, తెలిసినంత చెప్పుడు. ఇంటి ఆడువారిని, వృద్ధులను, వంటమనిషిని సయితము పిలువుడు. తిరిగివచ్చిన పిమ్మట మన యింటి మురుగు ఏ కాలువలో పడుచున్నదో, ఆ కాలువ గోదావరిలో నెక్కడ కలియుచున్నదో కనుగొని, దానిని శుద్ధిచేయుట కేమి యేర్పాటు కలదని పురపాలకులను అడుగుడు. మనము పుణ్యమునకై మునుగు నీరే ధవళేశ్వరపు ఆనకట్ట దాటి, గౌతమిగను వసిష్ఠగను చీలి, ఆ సముద్రమునే చేరుచున్నది.