మరి పాతవి ఏం చేస్తారు?

కౌశాంబి రాజు ఉదయనుడికి బుద్ధుడి శిష్యుడు ఆనందుడి మీద కోపం వచ్చింది. భాసుడి నాటకంలో వాసవదత్త కోసం కుమిలిపోయే ఉదయనుడే ఈయన. బుద్ధ భగవానుడు పరినిర్వాణం చెందాక ఆనందుడు కౌశాంబికి వచ్చి, రాజోద్యానం దగ్గర ఒక చెట్టు కింద కూర్చున్నాడు. అంతఃపుర స్త్రీలు ఆయన బోధ విని మురిసిపోయి 500 చీవరాలు సమర్పించారు. సన్యాసికి అన్ని బట్టలెందుకు, కొట్టు పెడతాడా ఏమిటి అని రాజు విసుక్కున్నాడు. విసుక్కుని ఊరుకోక, వెళ్లి అడిగేశాడు.

ఆ సంభాషణ బౌద్ధుల వినయపిటకంలో ఉంది. చిరిగిన చీవరాలతో తిరుగుతున్న భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి వాళ్లు విడిచిన పాతవి? పడకల మీద దుప్పట్లుగా పరుస్తారు. పాత దుప్పట్లు? పరుపుల గలేబులవుతాయి. గలేబులు పాతబడితే? నేలమీద పరుచుకుంటారు. ఆ తర్వాత కాళ్లు తుడుచుకోవడానికి, ఆ పైన దుమ్ము దులపడానికి. దుమ్ముగుడ్డ కూడా చివికిపోతే ముక్కలు చేసి, మట్టిలో కలిపి తొక్కి, నేలకు మెత్తుతారు. రాజుకు అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. సంతోషించి మరో 500 చీవరాలు ఇచ్చాడు.

ఇది దసరా సేళ్ల రోజుల్లో చదవాల్సిన కథ. ఆయుధపూజ నాడు వడ్రంగి తన బాడిసెకు, డ్రైవరు తన లారీకి బొట్టు పెట్టి దండం పెడతారు. ఏడాది పొడుగునా అన్నం పెట్టిన పనిముట్టుకే ఆ పూజ. సరిగ్గా ఆ వారంలోనే, చేతిలో ఉన్న పనిముట్టును వదిలించుకోమని పేపరు నిండా ప్రకటనలు! ఇళ్లలో నడిచే చర్చంతా కొత్త ఫోన్ చుట్టూనే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత, ఈఎంఐ ఎన్ని నెలలు. పాతదాని ప్రస్తావన వస్తే ఒక్కటే ప్రశ్న, ఎక్స్‌ఛేంజ్‌లో ఎంతొస్తుంది అని. ఉదయనుడు అడిగింది అది కాదు.

అలాగని ఆనందుడు 'మాకెందుకమ్మా' అని చీవరాలు తిప్పి పంపలేదు. ఒంటిమీద చిరుగులున్నవాళ్లు ఉన్నారు కనుక అన్నీ తీసుకున్నాడు. కొనడమే పాపమన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఫోన్‌కూ చిరుగు పడుతుంది, కాకపోతే కంటికి కనబడదు. కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడటం చిల్లుజేబులో డబ్బు వేసుకోవడమే. అలాంటి ఫోన్ మార్చడం ఆడంబరం కాదు. పిక్సెల్ 8కు గూగుల్ 2023లో, గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ 2024లో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లకు సాధారణంగా అంత ఆయుష్షు ఉండదు. కెమెరా కన్నా ముందు ఈ లెక్క అడగడం మంచిది.

కానీ చిరుగులా అనిపించిందల్లా చిరుగు కాదు. బ్యాటరీలు పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. జనం మండిపడ్డారు. సంస్థ దిగివచ్చి, బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. ఏడాది తిరిగాక, 2019 జనవరిలో, ఐఫోన్ల ఆదాయం ఎందుకు తగ్గిందో టిమ్ కుక్ మదుపరులకు లేఖ రాశారు. ఆయన చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీ కూడా ఒకటి. కొత్త ఫోన్ కావాలనుకున్న కొందరికి నిజంగా కావాల్సింది బ్యాటరీ అన్నమాట. వేదాంతం చెప్పే సాధన చతుష్టయంలో వివేకాన్ని ముందుంచి వైరాగ్యాన్ని ఆ తర్వాత చెప్పారు పెద్దలు. ఏది లోపమో తేలకుండా ఏది వదలాలో ఎలా తెలుస్తుంది?

ట్యాబ్ విషయంలో ఇంత తర్జనభర్జన కూడా అక్కర్లేదు. అక్షరాలు పెద్దవి చేసుకుని పోతన భాగవతం చదువుకునే తాతగారికి, ప్రవచనాలు వినే అమ్మమ్మకు, పాత ట్యాబ్ తెర వెలిగినంత కాలం సరిపోతుంది.

కొత్తదాని మోజు ఒక జబ్బైతే, రెండో రకం జబ్బు ఇంకొకటి ఉంది. అయిదేళ్ల నాటి పగిలిన ఫోన్‌ను పదిమంది ముందు తీసి, 'నాకు వ్యామోహం లేదండీ' అని చెప్పుకోవడం. అలా చెప్పుకునేవారే రాత్రి పన్నెండింటిదాకా కొత్త ఫోన్ల పెట్టెలు విప్పే వీడియోలు చూస్తుంటారు. చేతులు కట్టుకుని మనసుతో విషయాలను నెమరువేసేవాణ్ని కృష్ణుడు గీత మూడో అధ్యాయంలో మిథ్యాచారుడన్నాడు. ఆ మాట పడటం కన్నా, స్తోమతుంటే కొనుక్కుని పని చూసుకోవడం నయమని నా ఉద్దేశం.

కొన్నారు సరే, పాతది? ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. ఇదిగాక, పారేయకుండా దాచిన పాత ఫోన్లు మన బీరువా సొరుగుల్లో పడి ఉంటాయి. పండగ శుభ్రం చేసేటప్పుడు ఆ సొరుగు కూడా తెరవండి. పనిచేసే ఫోనైతే మీ ఫొటోలు, వివరాలు పూర్తిగా చెరిపేసి, అవసరమున్న వాళ్ల చేతిలో పెట్టండి. పనిచేయనిది అధీకృత రీసైక్లర్‌కు ఇవ్వండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం, పనిచేస్తుందేమో చూద్దామని ఛార్జింగ్ పెట్టకండి.